కాటుక భరిణ మొదలు స్నో సీసా వఱకు
ప్రసాధన ద్రవ్యముల నిలువను గూర్చిన చారిత్రక పరిశీలనము

ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టరాదు. ఈ మాట వినని తెలుగు ఇల్లుండదు. తాతముత్తాతల నాడే ఆంధ్రదేశమును వీడి బెంగుళూరు, హోసూరు, మధుర, బరంపురము, షోలాపురము వంటి తావులలో స్థిరపడిన కుటుంబములయందును, ఫ్రెంచి పాలనలో తరతరములు గడపిన యానాము కుటుంబములయందును, మాటల యాస మారియుండవచ్చును గాని యీ కట్టడి మాత్రము మారలేదు. పెద్దలు దీనికి కారణము వివరింపలేదు. బూజు పట్టుననిరి, అంతటితో సరి. ఉప్పు, నూనె, కారము, ఆవపిండి కలిసి కాపాడుచున్న జాడీలోనికి కొంచెము నీరు చేరినచో ఏడాది సరకు ఏడు దినములలో పాడగునని వారు అనుభవమున నెఱిగిరి.

వంటింటి జాడీని గూర్చి ఇంత జాగ్రత్త వహించిన మనము, అద్దము ముందటి సీసాను గూర్చి ఆలోచించుట అరుదు. ముఖమునకు రాసికొను క్రీము, కంటికి దిద్దుకొను రంగు, పసిబిడ్డలకు చల్లు పౌడరు - ఇవియును నిలువయుండు వస్తువులే. ఇవియును చెడును, చెడి మనుష్యులకు కీడు చేసినవి, కొన్నిమార్లు ప్రాణములు తీసినవి. ఆ కీడు నుండి రక్షించుటకు చేర్చిన ద్రవ్యములే మఱికొన్ని మార్లు కీడు చేసినవి. ఈ రెండు భయముల నడుమ మానవుడు నడచిన త్రోవను వివరించుట ఈ వ్యాసోద్దేశము. ఆ త్రోవలో తెలుగువారి యింటి యాచారములకును, ప్రవాసమున పేరుగాంచిన తెలుగువారి పరిశ్రమలకును కొంత తావు కలదు.

నీరు లేని అంగరాగములు

భారతదేశమున సుగంధ ద్రవ్యములను కూర్చు విద్యను గంధయుక్తి యనిరి. వాత్స్యాయనుడు దానిని చతుష్షష్టి కళలలో నొకటిగా లెక్కించెను. వరాహమిహిరుడు ఆఱవ శతాబ్దమున తన బృహత్సంహితలో దానికై ప్రత్యేకముగ నొక యధ్యాయము వ్రాసెను. పండ్రెండవ శతాబ్దమున కల్యాణి చాళుక్య ప్రభువగు మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసమున అభ్యంగము, స్నానము, విలేపనము మున్నగు రాజభోగములు వర్ణింపబడినవి. రాజమందిరముల సంగతి యటుండ, సామాన్య గృహములలో వాడుకయందుండిన వస్తువులను పరిశీలించినచో నొక విశేషము గోచరించును.

సున్నిపిండి పొడి వస్తువు. పసుపు పొడి వస్తువు. కుంకుమ పొడి వస్తువు. కుంకుడుకాయలు ఎండినవి, తలంటు నాడే నానవేసి, చితుకగొట్టి, రసము పిండి, మిగిలినది పాఱబోయుదురు. గంధమును సాన మీద నాటికానాడు తీయుదురు. గోరింటాకు కోసిన పూటనే రుబ్బుదురు. కాటుక దీపపు మసి. దానిని ఆముదముతోనో నేతితోనో మేళవించి భరిణలో నుంతురు. అందు నీరు లేదు. తలనూనెలోనికి ఆకు పసరు పోసినను, చిటపటలు ఆగి నీరంతయు ఇగిరిపోవునంత వఱకు కాచి కాని దింపరు. అనగా మన పూర్వుల అంగరాగములు రెండే తెగలు. నిలువయుండునవి యైనచో వానిలో నీరుండదు. నీరు కలిసినవైనచో నిలువయుండవు.

ఇది యాదృచ్ఛికము కాదు. సూక్ష్మజీవులు బ్రతికి పెరుగుటకు నీరు ముఖ్యము. ఎండిన పిండిలోను, శుద్ధమైన నూనెలోను అవి చావకుండ కొంతకాలము పడియుండవచ్చును గాని పెంపొందజాలవు. మన స్త్రీలు సూక్ష్మజీవిని చూచియెఱుగరు. కాని దాని కట్టడిని ఎఱుగుదురు. అట్లని పాత యాచారమంతయు దోషరహితమని తలపరాదు. ఒకే వ్రేలితో, ఒకే పుల్లతో ఇంటిల్లిపాదికి కాటుక పెట్టుట కండ్లకలక ఒకరి నుండి మఱియొకరికి ప్రాకుటకు మార్గమయ్యెను. బజారులో దొరకు కొన్ని సుర్మాలలో సీసపు ఖనిజము కలిసియుండుటచే పసివారి దేహమునకు హాని కలుగుచున్నదని వైద్యులు హెచ్చరించుచున్నారు. పూర్వుల నియమములో నొక సత్యము కలదనుట వేఱు. పూర్వులు చేసినదంతయు సత్యమనుట వేఱు.

నూనెయు నీరును కలిసిన నాడు

నూనెను నీటిని కలిపి లేపనము చేయు యత్నము పాశ్చాత్య దేశములలో చిరకాలమునాటిది. రెండవ శతాబ్దమున రోము నగరమున ప్రసిద్ధి గాంచిన గ్రీకు వైద్యుడు గాలెను, మైనమును ఆలివు నూనెయందు కరగించి పన్నీరుతో మేళవించిన లేపనమును తెలిపెను. రాసికొన్నప్పుడు నీరు ఇగిరి చర్మము చల్లబడును గనుక దానికి కోల్డు క్రీమను పేరు వచ్చినది. ఈ మేళనము నిలుకడ లేనిది. కొలది దినములలో నీరు వేఱుపడెడిది. నూనె గాలి సోకి కంపుగొట్టెడిది. 19వ శతాబ్దపు తుది భాగమున వెలిగారమును చేర్చుటచే నీరు విడిపోకుండ నిలిచినది. ఆలివు నూనెకు బదులు ఖనిజ తైలమును వాడుటచే కంపు తగ్గినది. అందుచే దుకాణములలో నెలల తరబడి నిలువయుంచి అమ్మదగిన క్రీము పుట్టినది. కంటికి కనబడు చెడుగు తొలగెను. కంటికి కనబడనిది మిగిలెను.

చమురు గాలి సోకి చెడకుండ నాపుటకు ఐరోపా ఔషధశాలలలో వాడిన యుపాయమొకటి మనకు పరిచితమైన వస్తువుతో ముడిపడియున్నది. మన యిండ్లలో ధూపము వేయు సాంబ్రాణిని వారు లేపనములకు వాడు క్రొవ్వులో వేసి వెచ్చచేసి వడగట్టెడివారు. సాంబ్రాణి నుండి లభించు ఆమ్లమే బెంజోయిక్ ఆమ్లము. అది సూక్ష్మజీవుల పెరుగుదలను అరికట్టునని 1875వ సంవత్సరమున జర్మను శాస్త్రజ్ఞుడు సాల్కోవ్‌స్కీ కనుగొనెను. నేటికిని ఆ యామ్లము, దాని లవణములు పరిరక్షక ద్రవ్యములుగ వాడుకయందున్నవి. పులుపు గల ద్రవ్యములందే అవి చక్కగ పనిచేయును.

సూక్ష్మజీవిని చూచుట, చంపుట, లెక్కించుట

1676వ సంవత్సరమున హాలండు దేశీయుడగు లీవెన్‌హుక్ తన చేతితో తయారుచేసిన కటకము గుండ బాక్టీరియములను చూచెను. అవి పులియుటకును కుళ్లుటకును కారణమని నిరూపించుటకు మఱి రెండు వందల యేండ్లు పట్టినది. ఆ కీర్తి 1860 ప్రాంతమున పాశ్చరునకు దక్కెను. 1867లో లిస్టరు కార్బోలిక్ ఆమ్లముతో శస్త్రచికిత్స గాయములను కాపాడు విధానమును ప్రకటించెను. అప్పటి నుండి ఏ మందు ఎంతగా చంపునను ప్రశ్న బయలుదేఱినది.

1881లో రాబర్టు కాక్ ఈ ప్రశ్నకు ప్రయోగమూలకముగ సమాధానము వెదకెను. పట్టుదారములకు దొమ్మరోగ బీజములను అంటించి, వానిని వివిధ ద్రవములలో ముంచి, తరువాత అవి మొలకెత్తునా లేదాయని చూచెను. అందు తేలిన ఫలితము లొక్కటి మన విషయమునకు మిక్కిలి ముఖ్యము: నీటిలో కలిపినపుడు తీవ్రముగ పనిచేయు కార్బోలిక్ ఆమ్లము నూనెలో కలిపినపుడు నిర్వీర్యమగుచున్నది. నేటి క్రీముల తయారీలో చిక్కంతయు ఈ వాక్యముననే యున్నది. సూక్ష్మజీవులు నివసించునది నీటిభాగమున. చేర్చిన మందు పోయి దాగునది నూనెభాగమున. కావున మందు వేసితిమన్న మాత్రమున సరిపోదు. ఆ మందు నీటిలో నెంత మిగిలినదన్నదే ప్రశ్న.

1903లో ఇంగ్లండున రిడియలు, వాకరు అను నిరువురు క్రిమిసంహారక ద్రవ్యముల శక్తిని కార్బోలిక్ ఆమ్లముతో పోల్చి అంకెలలో చెప్పు పద్ధతిని ఏర్పఱచిరి. అది నేలలు కడుగు మందులకు తగినది. ముఖమునకు పూయు క్రీమునకు కావలసినది వేఱు. అందలి మందు జీవులను పెరుగనీయరాదు, చర్మమును మండింపరాదు, వాసన వేయరాదు, నెలల తరబడి పనిచేయవలెను. 1920వ దశకమున జర్మనీలో సబాలిచ్కా అను రసాయన శాస్త్రజ్ఞుడు పారా హైడ్రాక్సీ బెంజోయిక్ ఆమ్లపు ఎస్టరులను ఇందులకు ప్రవేశపెట్టెను. వానికే పారబెన్లని పేరు. రంగు లేదు, వాసన లేదు, పులుపు లేని ద్రవ్యములలోను పనిచేయును. కొలది పాటి చాలును. తరువాతి యర్ధశతాబ్దమంతయు ప్రపంచమున ప్రసాధన ద్రవ్యములను కాపాడినవి ప్రధానముగ నివియే.

తెలుగు మూలములు గల రెండు దృష్టాంతములు

ఈ సందర్భమున ప్రవాసాంధ్రుల చరిత్ర నుండి రెండు వస్తువులను పరిశీలించుట యుక్తము. రెండును నీటి విషయమున మన పాత నీతినే పాటించినవి.

మొదటిది అమృతాంజనము. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయి నగరమున దీనిని ఆరంభించిరి. ఆ వ్యాపారము వలన వచ్చిన ధనముతోనే 1908లో అక్కడ ఆంధ్రపత్రికను స్థాపించిరి. 1914లో పత్రిక మద్రాసునకు తరలినది. 1924లో భారతి వెలువడినది. అమృతాంజనము ఔషధమే కాని అలంకార వస్తువు కాదు. అయినను నిలువ విషయమున అది మంచి యుదాహరణము. మైనము వంటి జిడ్డు పదార్థమున కర్పూరము మొదలగు సుగంధ తైలములను కలిపిన లేపనమది; అట్టి నీరు లేని లేపనమున సూక్ష్మజీవి పెరుగుటకు తావుండదు. చిన్న సీసా రైళ్లలో పడి దేశమంతయు తిరిగి, ఎండలో వానలో దుకాణముల అరలలో నిలిచి, కొన్నవాని చేతికి చెడకుండ చేరగలుగుట వెనుక ఈ గుణము కలదు.

రెండవది మైసూరు శాండల్ సబ్బు. మొదటి ప్రపంచ యుద్ధము వలన మైసూరు గంధపుచెక్క ఐరోపాకు ఎగుమతి కాక నిలిచిపోయెను. నాల్వడి కృష్ణరాజ ఒడెయరు ప్రభువు, దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు దానిని ఇక్కడనే తైలముగ మార్చనిశ్చయించిరి. 1916వ సంవత్సరమున ఆరంభమైన యీ యత్నము నుండియే కొలది కాలమునకు ప్రభుత్వ సబ్బు కర్మాగారము వెలసినది. విశ్వేశ్వరయ్యగారి పూర్వులు ఆంధ్రదేశమున మోక్షగుండము నుండి మైసూరు సీమకు వలస వచ్చినవారు. కర్ణాటకమున చిరకాలముగ స్థిరపడిన తెలుగు కుటుంబములలో అది సుప్రసిద్ధమైనది. సబ్బుబిళ్లలో సూక్ష్మజీవికి అందుబాటుగనుండు నీరు స్వల్పము, క్షారగుణమును అధికము. అందుచే క్రీమునకు కావలసిన పరిరక్షక ద్రవ్యము బిళ్ల సబ్బునకు సామాన్యముగ అక్కఱలేదు.

మన యిండ్లలో ఈ నీతిని తలక్రిందులు చేసిన వస్తువు స్నో. స్టియరిక్ ఆమ్లమును కొంత క్షారముతో కలిపి నీటితో చిలికిన తెల్లని క్రీమది. బొంబాయిలో ఇ. ఎస్. పాటన్‌వాలా 1919లో ఆఫ్ఘన్ స్నోను ప్రవేశపెట్టెను. 1952లో లాక్మే వెలసినది. స్నో రాసిన జిడ్డు కానరాదు, మొగము తేటపడును; స్త్రీలేమి పురుషులేమి మెచ్చుకొనిరి. కాని యీ తెగ క్రీములలో నూటికి డెబ్బది పాళ్లకు పైబడి సామాన్యముగ నీరే యుండును. సున్నిపిండి డబ్బాయు స్నో సీసాయు ఒకే అలమరలో ప్రక్కప్రక్కన నిలిచినవి. ఒకదానికి రక్షణ దాని పొడితనము. రెండవదానికి రక్షణ అందు చేర్చిన మందు మాత్రమే. ఈ భేదము వాడువారికి తెలియలేదు.

అనర్థములు నేర్పిన పాఠములు

1933లో అమెరికాలో లాష్ లూర్ అను కనురెప్పల రంగు కొందఱి కన్నులను చెఱచెను. ఆ రంగులోని రసాయనము కన్నును పుండుచేయగా, ఆ పుండులో బాక్టీరియములు చేరి యొక స్త్రీ మరణించెను. అప్పటికి ఆ దేశపు చట్టము ప్రసాధన ద్రవ్యములను ముట్టుకొనలేదు. 1938 జూన్ 25న అధ్యక్షుని ఆమోదము పొందిన ఆహార, ఔషధ, ప్రసాధన ద్రవ్యముల చట్టముతో ఆ లోటు కొంత తీరినది.

1940వ దశకమున న్యూజీలాండులో నవజాత శిశువులకు ధనుర్వాతము వచ్చెను. వారి బొడ్డునకు చల్లిన టాల్కము పౌడరులో ఆ రోగబీజములున్నట్లు తేలెను. టాల్కము గనిలో త్రవ్వి తీసిన రాయి. మట్టిలోని బీజములు దానితో రావచ్చును. పొడి వస్తువులో జీవి పెరుగదు గాని, పచ్చి గాయము మీద పడినచో అక్కడ పెరుగును. పొడియైనంతనే శుద్ధము కాదని యీ యుదంతము తెలిపినది.

1960వ దశకపు నడిమిభాగమున స్వీడనులో కాలింగ్స్, అతని సహచరులు ఔషధములను పరీక్షింపగా అనేకములలో సూక్ష్మజీవులు కానవచ్చెను. థైరాయిడు మాత్రల మూలమున రెండు వందల మందికి పైగా సాల్మొనెల్లా రోగమునకు గుఱియైరి. కంటి లేపనములో సూడోమోనాస్ బయటపడెను. 1966లో ఇంగ్లండున చర్మవ్యాధులకు వాడు క్రీములో ఆ జీవియే కనబడినది. 1967లో అమెరికాలో నొక యాస్పత్రిలో చేతులకు రాసికొను క్రీము పాత్రలో క్లెబ్సియెల్లా పెరిగి, చేతుల గుండ రోగుల రక్తమునకు సోకెను. శుభ్రతకై కడిగికొన్న చేతులకు మెత్తదనముకై రాసిన క్రీమే రోగవాహకమగుట విధివైపరీత్యము. 1969లో అమెరికా బజారులోని ప్రసాధన ద్రవ్యములను పరీక్షించిన వోల్వెను, లెవెన్‌స్టీను అనువారు రమారమి నాలుగవ వంతు నమూనాలలో జీవులను కనుగొనిరి. తయారీదారులు కండ్లు తెఱచిరి. 1972లో వారే తిరిగి పరీక్షింపగా ఆ సంఖ్య నూటికి నాలుగునకు లోబడెను. దోషమును వెలికి తీసి ప్రకటించినచో అది తగ్గుననుటకు ఇంతకంటె ప్రబల నిదర్శనము వలదు.

1970వ దశకమున అట్లాంటా నగరమున విల్సను, అహర్ను మున్నగువారు కనురెప్పల రంగును పరిశీలించిరి. క్రొత్త సీసాలలో జీవులు అరుదు. వాడిన సీసాలలో తఱచు. ప్రతిదినము రెప్పకు తాకిన కుంచె తిరిగి సీసాలోనికి పోవుచున్నది గదా! 1977లో వారు ప్రకటించిన దానిలో, కుంచె కనుగ్రుడ్డును గీచుకొనగా, రంగులోని సూడోమోనాస్ ఆ గీతలో చేరి పుండు చేసిన స్త్రీల యుదంతము కలదు. ఇట్టి పుండు వలన చూపే పోవచ్చును. కర్మాగారమున శుద్ధముగ పుట్టిన వస్తువు వాడువారి చేతిలో మలినమగుటయే ఇందలి పాఠము. మన తడి గరిటె పాఠమే ఇది.

ఈ భయము ఇంకను తీరలేదు. 2006లో బార్సిలోనాలో నొక యాస్పత్రి యందు అత్యవసర చికిత్స పొందుచున్న అయిదుగురు రోగులకు, ఒంటికి రాసిన తేమ లేపనము నుండి బర్ఖోల్డేరియా సోకినది. మూత తీయని సీసాలలోను ఆ జీవి కానవచ్చెను. ఆరోగ్యవంతుని చర్మము మీద నిరపాయముగ నుండదగిన జీవి, దుర్బలుని దేహమున శత్రువగును.

మందు మితి మీఱిన నాడు

అయినచో ఎక్కువ మందు వేసిన రక్ష ఎక్కువ యగునా? దీనికి ఫ్రాన్సు దేశము 1972లో ఘోరమైన సమాధానము చెప్పినది. ఒక శిశు టాల్కములో హెక్సాక్లోరోఫీను అను క్రిమిసంహారకము తయారీ యందలి పొరపాటు వలన నూటికి ఆఱు పాళ్లకు మించి కలిసెను. చర్మము గుండ అది లోనికి పోయి 204 మంది పిల్లలు జబ్బుపడిరి; వారిలో 36 మంది మరణించిరి. ఆ దుఃఖము నుండి 1975లో ఆ దేశమున ప్రసాధన ద్రవ్యముల చట్టము పుట్టినది. 1976లో ఐరోపా ఆర్థిక సమాజము ఉమ్మడి యాదేశమును వెలువరించినది. ఏ మందును ఎంత పాలు మాత్రమే వాడవలెనను పట్టికలు అందుండి రూపొందినవి.

భారతదేశమున 1940వ సంవత్సరపు చట్టము మొదట ఔషధములకే పరిమితము. 1962వ సంవత్సరపు సవరణముతో ప్రసాధన ద్రవ్యములును అందు చేరినవి. చట్టము పేరును అట్లే మార్చిరి. భారతీయ ప్రమాణముల సంస్థ అనుమతింపబడిన పరిరక్షక ద్రవ్యముల పట్టికలను, సూక్ష్మజీవ పరీక్షా విధానములను ప్రకటించినది. 2020 డిసెంబరున ప్రసాధన ద్రవ్యములకై ప్రత్యేక నియమావళి వెలువడినది.

పరీక్షా విధానము

పరిరక్షక ద్రవ్యము పనిచేయుచున్నదో లేదో ఎట్లు తెలియును? ఉపాయము సరళమైనది: శత్రువును లోనికి పంపి చూచుట. 1970లో అమెరికా ఔషధ సంహిత యీ పరీక్షను చేర్చినది. 2012లో ప్రసాధన ద్రవ్యములకై అంతర్జాతీయ ప్రమాణము వెలువడినది. అందు స్టాఫిలోకాకస్, సూడోమోనాస్, ఎషరిషియా కోలి అను మూడు బాక్టీరియములను, కాండిడా అను మధుశిలీంధ్రమును, ఆస్పర్జిల్లస్ అను బూజును వేఱువేఱుగ క్రీములో కలుపుదురు. బాక్టీరియములు గ్రాముకు లక్ష మొదలు పది లక్షల వఱకు నుండును. 28 దినములు గమనింతురు. ఉత్తమ ప్రమాణము చొప్పున ఏడు దినములలో వేయి బాక్టీరియములలో 999 నశింపవలెను; తరువాత తిరిగి పెరుగరాదు. కాండిడా ఏడు దినములలో పదింట తొమ్మిది పాళ్లు చావవలెను. బూజు మొండిది, పదునాలుగు దినముల వఱకు పెరుగకుండిన చాలును, 28వ దినమునకు పదింట తొమ్మిది పాళ్లు నశింపవలెను.

అమ్మకమునకు వచ్చు వస్తువునకు వేఱొక హద్దు కలదు. 2014వ సంవత్సరపు అంతర్జాతీయ ప్రమాణము ననుసరించి కంటికి, మూడేండ్ల లోపు పిల్లలకు వాడు వస్తువులలో గ్రాముకు నూఱు, తక్కినవానిలో వేయి జీవులకు మించరాదు. హానికర జీవులుగ పేర్కొన్న నాలుగును గ్రాములో నొక్కటియు కానరాదు.

ఇన్ని పరీక్షలేల? ఒకే మందు ఒక క్రీములో పనిచేసి మఱియొకదానిలో విఫలమగును గనుక. నూనె ఎక్కువైన మందు అందులోనికి పోవును. నూనెను నీటిని కలుపు పదార్థములు కొన్ని పారబెన్లను బంధించి నిర్వీర్యము చేయును. పులుపు తగ్గినచో బెంజోయిక్ ఆమ్లము పనిచేయదు. ప్లాస్టిక్ సీసాయే కొంత మందును పీల్చుకొనవచ్చును. కావున కాగితము మీది పాళ్లు చూచి తీర్పు చెప్పరాదు. తయారైన వస్తువును దాని సీసాతోసహా పరీక్షింపవలెను.

భయము తారుమారైన వైనము

2004లో ఇంగ్లండున డార్‌బ్రే, ఆమె సహచరులు స్తనముల కణితుల నమూనాలు ఇరువదింటిలో పారబెన్లు కానవచ్చినవని ప్రకటించిరి. ఆరోగ్యవంతమైన కండతో అందు పోలిక లేదు. కణితికి అవియే కారణమని ఆ వ్యాసము నిరూపింపలేదు. అయినను ప్రజలలో భయము వ్యాపించెను. ఐరోపాలో శాస్త్రజ్ఞుల సంఘము పునర్విచారణ చేసి మిథైల్, ఇథైల్ పారబెన్లు నిర్ణీతమైన మేఱకు సురక్షితములని చెప్పినది. ప్రొపైల్, బ్యూటైల్ పారబెన్ల పాలు 2014లో తగ్గింపబడెను. సాక్ష్యము చాలని మఱికొన్ని నిషేధింపబడెను. ఇది వివేకమైన మార్గము.

కాని బజారు అంత వివేకము చూపలేదు. పారబెన్లు లేవని సీసా మీద వ్రాయుటకై కొందఱు మిథైల్ ఐసోథయజోలినోన్ అను మందును విరివిగ వాడిరి. కొలది యేండ్లలో చర్మపు దురదలు, దద్దుర్లు ఐరోపాయందంతట విజృంభించెను. అమెరికా చర్మవైద్యుల సంఘ మొకటి దానిని 2013వ సంవత్సరపు ప్రధాన అలర్జీ కారకముగ ప్రకటించెను. 2017 నాటికి ఐరోపాలో రాసి కడుగక వదలివేయు వస్తువులలో దానిని నిషేధించిరి. ఎనుబది యేండ్లుగ పరిచితమైన మందును అనుమానముతో విడిచి, అపరిచితమైన దానిని పరీక్ష చాలకయే కౌగిలించుకొన్నందుకు కలిగిన ఫలితమిది.

మనవారికి మనవి

నేడు బెంగుళూరున, చెన్నపట్టణమున, బరంపురమున, ఇంకను అనేక పట్టణములలో మన స్త్రీలు బామ్మల నాటి అంగరాగములను తిరిగి తయారుచేసి విక్రయించుచున్నారు. ఇది హర్షింపదగినది. భాషవలెనే యీ విద్యయు ప్రవాసమున మనము కాపాడుకొనవలసిన సొత్తు. అయితే యొక ప్రమాదము కలదు. బామ్మ చేసిన వస్తువును మనము తీసికొంటిమి. బామ్మ పెట్టిన నియమమును విడిచితిమి. ఆమె కలబంద గుజ్జును కోసిన పూటనే వాడినది. నేడు ఆ గుజ్జును సీసాలో నింపి, ఏ రసాయనమును లేదని చీటీ యంటించి, దూర నగరములకు పంపువారు కలరు. కలబంద గుజ్జులో నూటికి 98 పాళ్లు నీరు. సూక్ష్మజీవికి అంతకంటె చక్కని విడిది యుండదు. పైకి రంగు, వాసన మాఱకుండగనే లోన లక్షలుగ పెరుగవచ్చును. శీతల పేటికలో నుంచినచో పెరుగుదల మందగించును గాని ఆగదు.

విటమిన్ ఇ కలిపితిమి గనుక చెడదని కొందఱు తలచుచున్నారు. అది నూనెను గాలి నుండి కాపాడును. నీటిని సూక్ష్మజీవి నుండి కాపాడదు. వేప, తులసి, పసుపు క్రిమిహరములే కదా యని మఱికొందఱందురు. వానికి ఆ గుణము కొంత కలదు. కాని క్రీమును నెలల తరబడి కాపాడునంత పాలు చేర్చినచో చర్మమే ఓర్వకపోవచ్చును, తక్కువ చేర్చినచో పని జరుగదు. 28 దినముల పరీక్ష లేక నిశ్చయించు మార్గము లేదు.

కావున నా మనవి యిది. సున్నిపిండిని పిండిగనే అమ్ముడు. నీరు కొన్నవారి యింట కలియనిండు. నూనెలను నీటి పసరు పూర్తిగ ఇగిరిన తరువాతనే దింపుడు. నీరు కలిసిన లేపనమును సీసాలో నింపి అమ్మదలచినచో, చట్టము ననుసరించి అనుమతి పొంది, తగిన పరిరక్షక ద్రవ్యమును తగిన పాలు చేర్చి, పరీక్ష చేయించి అమ్ముడు. అందు సిగ్గుపడవలసినది లేదు. ఆవకాయలో ఉప్పు వేయుటకు సిగ్గుపడు గృహిణి కలదా? కొనువారు సీసాలో తడి వ్రేలు ముంచక పొడి చెంచాతో తీయుడు. ఒకరి కంటి రంగును మఱియొకరు వాడకుడు. తెఱచిన సీసా బొమ్మయు, దానిపై నెలల అంకెయు కొన్ని వస్తువుల మీద నుండును - తెఱచిన పిదప అన్ని నెలలే వాడుడని దాని యర్థము. రంగు గాని వాసన గాని మాఱినచో వెల చూడక పాఱవేయుడు.

మన పెద్దలు మనకు రెండు వస్తువులిచ్చిరి: ఒకటి పాకము, రెండవది కట్టడి. పాకము నాలుకకును చర్మమునకును ఇంపైనది గనుక జ్ఞాపకమున నిలిచినది. కట్టడి కష్టమైనది గనుక జాఱిపోవుచున్నది. ఊరు మాఱినను, భాషలో పొరుగు మాటలు చేరినను, జాడీ వద్ద తడి గరిటెను గూర్చిన హెచ్చరిక మన యిండ్లలో ఇంకను వినబడుచునే యున్నది. ఆ హెచ్చరికను అద్దము ముందటి సీసా వఱకు తీసికొనిపోయినచో, కంటిచూపులు కొన్ని, పసిప్రాణములు కొన్ని మనము కాపాడినవారమగుదుము.